గిలుకుడు, గీకుడు, గొలుసుకట్టు: తొందర రాతల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కిరాణా చీటీ మొదలుకొని తాతగారి భూమి కాగితం దాకా, చదవలేని రాత ఎదురుకాని ఇల్లు లేదు. అలాంటి రాతను చూడగానే నోటికొచ్చే మాటలు మనకు బోలెడు. అయితే అవన్నీ ఒక్కటే అనుకుంటే పొరపాటు. తొందరలో రాసిన రాత వేరు, లెక్కలేనితనంతో రాసిన రాత వేరు, ఇంకా చేయి కుదరని పిల్లవాడి రాత వేరు. ఈ మూడింటినీ విడివిడిగా చెప్పే మాటలు ఉండగా అన్నిటినీ కలిపి ‘చెత్త రాత’ అనేయడం ఈమధ్య ఎక్కువైంది. ఎవరి రాతను ఏ మాటతో అంటున్నామో తెలిసి అంటే మంచిదని ఈ ప్రశ్నలు, జవాబులు.

చదవలేని రాతకు తెలుగులో అసలైన మాట ఏది?

ఒకే మాట అంటూ లేదు. క్రియలు చూస్తే గిలకడం, గీకడం, బరకడం, కెలకడం ఉన్నాయి. రాత ఆకారాన్ని చెప్పడానికి వంకర టింకర, కొక్కిరిబిక్కిరి, అష్టవంకరలు, పిచ్చి గీతలు ఉన్నాయి. వేగాన్ని చెప్పడానికి గబగబా, బరబరా, చకచకా ఉన్నాయి. చివరి మూడింటిలో ‘చకచకా రాశాడు’ మెచ్చుకోలు. ‘గబగబా రాశాడు’ అంటే మంచీ కాదు, చెడూ కాదు. ‘బరబరా రాసేశాడు’ అంటే ఆ కాగితం చూడకుండానే దాని గతి తెలిసిపోతుంది.

క్రియ పక్కన ఏ సహాయక క్రియ చేరిందో కూడా చూడాలి. ‘రాసి ఇచ్చాడు’ అంటే పని జరిగింది. ‘రాసి పడేశాడు’ అంటే పని వదిలించుకున్నాడు. ‘గిలికి పారేశాడు’ అంటే వదిలించుకోవడమే కాక ఎదుటివాడు ఎలా చదువుతాడన్న ధ్యాసే లేదు. తెలుగులో అలసత్వాన్ని నిజంగా పట్టిచ్చేది ఈ ‘పారేయడం’, ‘పడేయడం’.

గిలకడానికీ గీకడానికీ తేడా ఉందా?

ఉంది. వాడుకలో అది స్పష్టంగానే వినిపిస్తుంది. గిలకడంలో చేయి తిరుగుతుంది: మెలికలు, సున్నాలు, తోకలు పుడతాయి. అక్షరాలు ఉంటాయి కానీ ఏది ఎక్కడ ముగిసిందో తెలియదు. గీకడంలో కలం కాగితాన్ని రాస్తుంది: పదును, ఒత్తిడి, చప్పుడు ఉంటాయి. ఇంకు సరిగా దిగని పెన్నుతో రాసేవాణ్ణి ‘ఏమిటి గీకుతున్నావు’ అంటారు. బరకడం గీకడానికి పెద్దన్న. పలక మీద మొండి బలపం పెట్టి లాగితే వచ్చే చప్పుడు ఆ మాటలోనే ఉంది. కెలకడం అంటే అప్పటికే ఉన్నదాన్ని పాడుచేయడం. ఒకసారి రాసిన అక్షరం మీదే మళ్లీ దిద్ది, దాని మీద మరో అక్షరం ఎక్కించి, చివరికి నల్లటి ముద్ద చేస్తే ‘కెలికి పెట్టాడు’ అనాలి. ‘గిలికాడు’ అంటే అక్కడ సరిపోదు.

ఇక్కడ మర్యాదకు సంబంధించిన సంగతి ఒకటుంది. ‘గిలకడం’ తన గురించి తాను చెప్పుకుంటే వినయం, ఎదుటివారి గురించి అంటే చులకన. ‘ఏదో నాలుగు ముక్కలు గిలికి పంపాను, వీలు చూసుకుని చదవండి’ అని కథ రాసిన పెద్దాయన సంపాదకుడికి ఉత్తరం రాయవచ్చు. అదే సంపాదకుడు ‘మీరు గిలికిన నాలుగు ముక్కలు అందాయి’ అని జవాబిస్తే ఆ స్నేహం అక్కడితో సరి. ‘గీకడం’ అయితే తన గురించి చెప్పుకున్నా కాస్త మొరటుగానే ఉంటుంది. స్నేహితుల మధ్య చెల్లుతుంది కానీ అర్జీలో చెల్లదు.

కోడి ఎందుకొచ్చింది ఈ వ్యవహారంలోకి?

‘కోడి కెలికినట్టుంది’, ‘కోడి గీకినట్టుంది’ అన్న మాటలు పుట్టడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పెంట కుప్ప దగ్గర కోడిని కాసేపు చూస్తే చాలు. రెండు కాళ్లతో మార్చి మార్చి వెనక్కి తన్నుతుంది, గింజ కోసం ముక్కు పెడుతుంది, మళ్లీ తన్నుతుంది. నేల మీద మూడు వేళ్ల గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఒత్తులు, కొమ్ములు ఒకదానిలోకి ఒకటి చొరబడిన పేజీ కూడా సరిగ్గా అలాగే కనబడుతుంది. ఇదే వరసలో ‘చీమలు పాకినట్టు’ అన్నది కూడా ఉంది కానీ అది మరీ సన్నగా, కంటికి ఆననంత చిన్నగా రాసేవారికి. ఆ రాత కుదురుగా కూడా ఉండవచ్చు. చీమనీ కోడినీ కలపకండి.

గొలుసుకట్టు అంటే చెడ్డ రాతేనా?

కాదు. ఈ మాటను అందరూ తప్పుగా వాడుతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

తెలుగు అక్షరం తీరే కలం ఎత్తి రాయించే తీరు. ‘క’ రాయాలంటే కింది గుండ్రం ఒకటి, పైన తలకట్టు ఒకటి. ‘స్త్రీ’ రాయాలంటే ఎన్నిసార్లు చేయి ఎత్తుతామో మీరే లెక్కపెట్టుకోండి. రోజంతా శిస్తు లెక్కలు, పంటల వివరాలు, రసీదులు రాసే గ్రామ కరణానికి అంత తీరిక ఉండదు. అందుకే కలం ఎత్తకుండా ఒక అక్షరం చివరి నుంచే తర్వాతి అక్షరాన్ని లాగే పద్ధతి వచ్చింది. తలకట్టు విడిగా పెట్టరు. కింది నుంచి పైకి వచ్చిన గీతే తలకట్టుగా వంగి, అదే పక్క అక్షరంలోకి దిగిపోతుంది. అక్షరాలు గొలుసు కొక్కేల్లా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కనుక గొలుసుకట్టు. దీన్నే గొలుసుమోడి అని కూడా అనేవారు. మరాఠీ దస్తావేజుల్లో వాడిన వేగ లిపి పేరు కూడా మోడీయే. తంజావూరు మరాఠా రాజుల కాలపు కాగితాలు ఆ లిపిలో సరస్వతీ మహల్ గ్రంథాలయంలో ఇప్పటికీ ఉన్నాయి. పారసీ, ఉర్దూ కాగితాల్లో ఇలాంటి పరుగు రాతను శికస్తా అంటారు.

అంటే ఇది నేర్చుకుని రాసే రాత. తండ్రి దగ్గరో మేనమామ దగ్గరో కూర్చుని, పాత కవిలె కట్టలు (ఊరి లెక్కల పుస్తకాలు) చూసి, చేయి తిప్పి తిప్పి అలవాటు చేసుకునేవారు. ఒక కరణం రాసింది పక్క ఊరి కరణం, తాలూకా కచేరీలో గుమాస్తా తడుముకోకుండా చదివేవారు. చదవలేనిది రైతు. రాసినవాడికీ చదివించుకునేవాడికీ మధ్య ఉన్న ఆ దూరం వల్లనే గొలుసుకట్టుకు చెడ్డపేరు వచ్చిందని నా అభిప్రాయం. తన పొలం ఎంతో తన కాగితంలోనే తనకు కనబడకపోతే ఆ రాత మీద ఎవరికి మాత్రం నమ్మకం ఉంటుంది? ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక ఈ రాత నేర్పేవారూ నేర్చుకునేవారూ లేకుండా పోయారు.

కాబట్టి మీ అబ్బాయి లెక్కల నోటుపుస్తకం చదవలేకపోతే దాన్ని గొలుసుకట్టు అనకండి. అంత పనితనం అందులో ఉండదు.

ఇంట్లో గొలుసుకట్టులో రాసిన పాత దస్తావేజు ఉంది. చదవడం ఎలా?

మొదటి వాక్యం నుంచి చివరిదాకా చదవాలని కూర్చుంటే గంటలో విసుగొస్తుంది. ముందుగా తెలిసిన మాటలను వెతకండి. దస్తావేజు భాష మూసలో పోసినట్టు ఉంటుంది, మనకు కావలసింది కూడా అదే. మొదట తేదీ, తర్వాత మ॥రా॥శ్రీ॥ (మహారాజరాజశ్రీ), తర్వాత రాయించుకున్నవారి పేరు, తండ్రి పేరు, ఊరు, ఆ తర్వాత రాసిచ్చినవారి వివరాలు వస్తాయి. ‘వ్రాయించి యిచ్చిన’, ‘సదరు’, ‘వగైరా’, ‘యిందుమూలముగా’ లాంటివి పదే పదే కనబడతాయి. మీ ఇంటిపేరు, మీ ఊరి పేరు ఎలాగూ మీకు తెలుసు. ఆ తెలిసిన మాటల్లో ఆయన ‘క’ ఎలా రాశాడు, ‘ల’ ఎలా తిప్పాడు, ‘రు’ ఎక్కడ తోక లాగాడు అని ఒక తెల్ల కాగితం మీద దింపుకోండి. పది పదిహేను అక్షరాలు పోగయ్యేసరికి ఆ చేతి వర్ణమాల మీ దగ్గర ఉన్నట్టే. ఒక్కో లేఖకుడికి ఒక్కో వర్ణమాల. ఇంకో దస్తావేజు ఇంకొకరు రాసి ఉంటే మళ్లీ మొదటి నుంచి.

అక్షరం పక్కన రెండు నిలువు గీతలు కనబడితే అది మాటను కుదించిన గుర్తు. ‘సం॥రం’ అంటే సంవత్సరం, ‘కీ॥శే॥’ అంటే కీర్తిశేషులు, ‘రూ॥’ అంటే రూపాయలు. వీటిని పొడి అక్షరాలు అనేవారు. ‘య’ పక్కన అంకె ఉంటే అది ఎకరాలు. పాత రాతలో యకరం అనే రాసేవారు. అయితే ‘2-10’ అని ఉన్నచోట తొందరపడకండి. కోస్తా, రాయలసీమ కాగితాల్లో అది రెండు ఎకరాల పది సెంట్లు, తెలంగాణ కాగితాల్లో రెండు ఎకరాల పది గుంటలు. ఎకరానికి సెంట్లు 100, గుంటలు 40. ఒకే రాత, రెండు వేర్వేరు భూములు.

ఫసలీ (శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) అని ఉంటే దానికి 590 కలపండి. ఫసలీ 1340 అంటే 1930-31. తెలుగు సంవత్సరం పేరు కూడా ఇచ్చి ఉంటే రెండూ సరిపోల్చి చూసుకోవచ్చు. అంకె అలుక్కుపోయినచోట సంవత్సరం పేరు ఆదుకుంటుంది. సొమ్ము దగ్గర అంకె అర్థం కాకపోతే పక్కనే ‘అక్షరాలా’ అని మొదలయ్యే మాటలు చూడండి. అంకెను ఎవరైనా తప్పు చదువుతారనో దిద్దుతారనో అన్న భయంతోనే సొమ్మును అక్షరాల్లో కూడా రాసే పద్ధతి వచ్చింది.

తెలంగాణ పాత కాగితాల్లో కొన్ని ఉర్దూలో ఉంటాయి. 1954-55 నాటి ఖాస్రా పహాణి (ఊరి భూముల వివరాల పత్రం) కోసం వెతికేవారికి ఇది బాగా తెలుసు. అక్కడ తెలుగు గొలుసుకట్టు నేర్చినా లాభం లేదు. ఉర్దూ చదవగల పెద్దవారిని పట్టుకోవలసిందే. ఏ ప్రాంతమైనా సరే, ఆస్తి తగాదా ఉన్న కాగితం అయితే మీరు చదువుకున్నది ఇంట్లో తెలుసుకోవడం వరకే. రిజిస్టరైన దస్తావేజు అయితే సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకలు తీసుకోండి. ఒక హెచ్చరిక: 1998లో ఆంధ్రప్రదేశ్‌లో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్‌కు ఎక్కడం మొదలయ్యే దాకా, ఆ కార్యాలయంలో కూడా దస్తావేజును పెద్ద పుస్తకాల్లోకి చేత్తోనే ఎక్కించేవారు. కాబట్టి మీ అసలు ఒక చేతి రాత, వారి నకలు ఇంకో చేతి రాత. రెండూ పక్కపక్కన పెడితే ఒకదానిలో చిక్కినది ఇంకోదానిలో విడిపోవడం తరచూ జరుగుతుంది.

తొందరగా రాస్తే ఏ అక్షరాలు ముందు పాడవుతాయి?

మొదటి దెబ్బ తలకట్టుకు. అది చిన్న టిక్కు అయిపోతుంది, తర్వాత చుక్క, ఆ తర్వాత మాయం. ఖ, జ, ట, ణ, బ, ల వంటి తలకట్టు లేని అక్షరాలకు ఈ బాధ లేదు. తర్వాతి దెబ్బ పొట్టలోని చుక్కకు: చుక్క మరిచిన ‘ఠ’ ‘ర’ అవుతుంది, పాఠం కాస్తా పారం అవుతుంది. ‘థ’కు చుక్క పెట్టకపోతే ‘ధ’, కింది గీత కూడా పోతే ‘ద’. కథను కధ అని రాసేవారిలో కొందరికి అక్షరం తెలియదు, చాలామందికి ఓపిక లేదు.

‘ప’కూ ‘వ’కూ తేడా ఎడమవైపు సుడి ఒక్కటే. అది బిగుసుకోకపోతే వంట పంట అవుతుంది, వాడు పాడు అవుతాడు. ఇక ‘మ’, ‘య’ పక్కపక్కన పడితే చెప్పనక్కర్లేదు. ‘సమయం’ అన్న మాటను వేగంగా నాలుగుసార్లు రాసి చూడండి. నాలుగోసారికి అలలు మిగులుతాయి, ఒక సున్నా మిగులుతుంది. సందర్భం లేకపోతే దాన్ని ఎవరూ చదవలేరు.

ఒత్తుల సంగతి వేరు. పైవరస ఒత్తు కిందికి వేలాడి కిందివరస గుడిని తాకుతుంది. అందుకే గీతల కాగితం మీద ఒక గీత విడిచి ఒక గీత మీద రాయమనేవారు పాతకాలపు పత్రికలవారు. అచ్చుకూటంలో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్లు ఎంతటి గిలుకుడునైనా చదివేవారని ప్రతీతి. అయినా వారికి ఇచ్చేటప్పుడు వరసల మధ్య చోటు వదలడం కనీస మర్యాద.

డాక్టర్ల రాతను ఏమంటారు? అది నిజంగా తొందరేనా, పద్ధతా?

అనడానికి ‘డాక్టరు రాత’ అనే అంటారు. ఎవరి రాత అర్థం కాకపోయినా ‘నువ్వు డాక్టరువి కావలసింది’ అనడం మామూలైపోయింది. కొంత పొడి అక్షరాల వల్ల వచ్చిన చిక్కు అది. మందుల చీటీ మీద బీడీ అంటే రోజుకు రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్ఎస్ అంటే పడుకునే ముందు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. 1-0-1 అని ఉంటే ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. ఇది తెలిస్తే సగం చీటీ చదవచ్చు. మిగతా సగం మందు పేరు. అసలు ప్రమాదం అక్కడే, ఎందుకంటే రెండు మందుల పేర్లు మొదటి నాలుగు అక్షరాల దాకా ఒకేలా ఉండవచ్చు.

ఇది నవ్వులాటగా మిగిలిపోకుండా కోర్టుల దాకా వెళ్లింది. తెలంగాణలోని ఒక మందుల దుకాణదారు 2014లో హైదరాబాదు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2016లో భారత వైద్య మండలి తన నియమావళిని సవరించి, మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే ఇంగ్లిషు పెద్దబడి అక్షరాల్లో రాయాలని పెట్టింది. 2018లో అలహాబాదు హైకోర్టు చదవలేని గాయాల నివేదికలు ఇచ్చినందుకు ముగ్గురు వైద్యులకు తలా ఐదు వేల రూపాయల జరిమానా వేసింది. 2024లో ఒడిశా హైకోర్టు, 2025లో పంజాబ్-హర్యానా హైకోర్టు కూడా ఇదే సంగతి మీద గట్టిగా మాట్లాడాయి. రోగికి తన చీటీ చదువుకునే హక్కు జీవించే హక్కులో భాగమని రెండోది తేల్చింది.

రోజుకు వందమందిని చూసే వైద్యుడికి తొందర ఉండదా అంటే ఉంటుంది, ఒప్పుకోవలసిందే. కానీ కరణానికీ తొందర ఉండేది, ఆయన రాత ఇంకో కరణం చదివేవాడు. మందుల దుకాణంలో కుర్రవాడు చీటీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పక్కవాణ్ణి పిలిచి, ఇద్దరూ కలిసి ఊహించే పరిస్థితి వస్తే దాన్ని తొందర అనలేం. అది గిలికి పారేయడమే. అలాంటప్పుడు మీరు అడగవలసింది వైద్యుణ్ణే. ‘మందు పేరు కాస్త విడి అక్షరాల్లో రాసివ్వండి’ అంటే ఎవరూ తప్పుపట్టరు.

పిల్లల రాతను కూడా ఇలాగే అనవచ్చా?

అనకపోవడం మంచిది. పలక మీద ఓనమాలు దిద్దే పిల్లవాడి వేళ్లకు ఇంకా పట్టు రాలేదు. వాడి ‘అ’ పొట్ట ఉబ్బి పక్కకు ఒరిగితే అది వంకర అక్షరం, గిలుకుడు కాదు. మన బడి భాషలో దీనికి ఎంత చక్కటి క్రియ ఉందో చూడండి: దిద్దడం. గురువు రాసిన అక్షరం మీదే పిల్లవాడు మళ్లీ మళ్లీ బలపం తిప్పడమూ దిద్దడమే, తప్పును సరిచేయడమూ దిద్దడమే.

నాలుగైదు తరగతులకు వచ్చాక, చేయి కుదిరాక, ఆటకు పోవాలన్న తొందరలో ఇంటిపని బరికి తెస్తే అప్పుడు అనండి. అప్పుడు కూడా ‘కోడి కెలికినట్టుంది’ అంటే నవ్వుతాడు, మళ్లీ రాస్తాడు. ‘నీ రాత ఇంతే’ అంటే మాత్రం ఆ మాటకు తెలుగులో రెండో అర్థం ఉంది.

ఆ రెండో అర్థం తలరాతే కదా?

అవును. ‘చేతిరాత బాగుంటే తలరాత బాగుండదు’ అని కొందరు, ‘చేతిరాత మార్చుకోవచ్చు, తలరాత మార్చుకోలేం’ అని కొందరు అంటుంటారు. మొదటిది చెడ్డ దస్తూరీ ఉన్నవారు పుట్టించుకున్న ఓదార్పు అయి ఉంటుంది. ఎవరి రాతైనా అర్థం కానప్పుడు ‘ఇది బ్రహ్మరాతలా ఉంది’ అనడం కూడా ఉంది. నుదుట ఏం రాశాడో ఎవరికీ తెలియదు కనుక, చదవలేని రాతల పోటీ పెడితే బ్రహ్మదే మొదటి బహుమతి.

దస్తూరీ, దస్కత్తు, చేవ్రాలు... వీటిలో ఏది ఎప్పుడు వాడాలి?

దస్తూరీ అంటే రాత తీరు. ‘ఆమె దస్తూరీ ముత్యాలు కూర్చినట్టుంటుంది’, ‘అచ్చు గుద్దినట్టుంటుంది’ అన్నవి మామూలు మెచ్చుకోళ్లు. దస్కత్తు పాత కాగితాల్లో రాతకూ సంతకానికీ రెండిటికీ కనబడుతుంది. పారసీలో దస్త్ అంటే చేయి, ఖత్ అంటే రాత. ఇప్పుడు మాటల్లో పెద్దగా వినబడదు. చేవ్రాలు అంటే సంతకం, దరఖాస్తు ఫారాల్లో బతికి ఉంది. ‘రాత’ అని ఏకవచనంలో అంటే చేతిరాత, ‘రాతలు’ అని బహువచనంలో అంటే రాసిన విషయం. అందుకే ‘పిచ్చి రాతలు’ అన్నది దస్తూరీ గురించి కాదు. ముత్యాల్లాంటి అక్షరాల్లో కూడా పిచ్చి రాతలు రాయవచ్చు, అలా రాసినవారు చాలామందే ఉన్నారు.

సంతకం గిలకడం తప్పా?

సంతకానికి ఈ నియమాలేవీ లేవు. అది చదవడానికి కాదు, పోల్చడానికి. బ్యాంకువారికి కావలసింది ప్రతిసారీ ఒకేలా గిలకడం. అంతే.

చిత్తు, సాపు అంటే ఏమిటి? ఇప్పుడూ వాడతారా?

చిత్తు అంటే ముందుగా తనకోసం రాసుకునేది. సాపు అంటే దాన్ని శుభ్రంగా ఎత్తి రాసినది. ‘సాపు రాయడం’ అనేవారు. చిత్తులో గిలికినా తప్పు లేదు. కొట్టివేతలు, బాణం గుర్తులు, అంచున ఎక్కించిన మాటలు, మరిచిన మాటను పైన చేర్చి కింద పెట్టే హంసపాదు, ఇవన్నీ చిత్తుకు అందం. షావుకారు లెక్కల్లో చిట్టాకూ ఆవర్జాకూ ఉన్న తేడా దాదాపు ఇలాంటిదే: రోజువారీ వ్యవహారం గబగబా చిట్టాకెక్కేది, తర్వాత తీరిగ్గా పేరువారీగా ఆవర్జాలోకి చేరేది.

తొందర రాతకు మన పెద్దలు చూపించిన చోటు చిత్తు. అది పోయింది కనుకే ఇప్పటి చిక్కు. పిల్లల చేత చిత్తు పుస్తకం మాన్పించి మొదటిసారే శుభ్రంగా రాయమంటున్నాం, పెద్దలమేమో చిత్తునే సాపుగా చలామణీ చేస్తున్నాం.

ఎత్తి రాయడంలో వచ్చే తప్పులకు బాధ్యత ఎవరిదన్న తగువు కూడా పాతదే. తాళపత్రాలకు నకళ్లు రాసిన లేఖకులు గ్రంథం చివర ఒక శ్లోకం చేర్చేవారు: ‘యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా, అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న విద్యతే’. చూసిన ప్రతి ఎలా ఉంటే అలాగే రాశాను, తప్పో ఒప్పో నా దోషం లేదు అని. ఘంటంతో ఆకు మీద గీసి, మసి పూసి, వందల ఆకులు పూర్తిచేసినవాడు ఆమాత్రం అనుకోవడం న్యాయమే.

పరీక్షలో దస్తూరీ బాగోలేకపోతే మార్కులు పోతాయా?

దస్తూరీకి విడిగా మార్కులు లేకపోయినా పేపరు దిద్దేది మనిషే. కట్టలకు కట్టలు దిద్దే ఉపాధ్యాయుడు మీ జవాబును వెతుక్కోవలసి వస్తే మీకే నష్టం. అందమైన అక్షరాలు అక్కర్లేదు. మాటకూ మాటకూ మధ్య ఎడం, కొట్టివేత ఒక్క గీతతో, ప్రశ్న సంఖ్య స్పష్టంగా ఉంటే చాలు. కెలికి నల్లగా చేసిన చోట ఏదో దాచినట్టు కనబడుతుంది. చెడ్డ చేతిరాతను చదువు కొరతకు గుర్తుగా చూడాలని గాంధీజీ తన ఆత్మకథలో రాసుకున్నారు. అది తన రాత గురించే బాధపడుతూ రాసిన మాట కాబట్టి మనం నొచ్చుకోనక్కర్లేదు.

చూడటానికి విసురుగా ఉన్నా అందంగా ఉండే రాతలు ఉంటాయి కదా?

ఉంటాయి. తెలుగువారికి వెంటనే గుర్తొచ్చేది చిత్రకారుడు బాపు (1933-2014) రాత. అక్షరాలు గీత మీద బుద్ధిగా కూర్చోవు. ఒకటి ఎగురుతుంది, ఒకటి దిగుతుంది, తలకట్టు ఒక్క విసురుతో పడుతుంది. అయినా ఒక్క మాట కూడా తడుముకోకుండా చదవగలం. ఆ దస్తూరీ ఆధారంగా కంప్యూటర్ అక్షరాలు తయారై పెళ్లి శుభలేఖల మీదికి, దుకాణాల బోర్డుల మీదికి ఎక్కాయి. చాలామంది దాన్ని అనుకరించబోయి విసురు మాత్రం పట్టుకున్నారు, లోపలి కుదురు పట్టుకోలేదు. అప్పుడు మిగిలేది కొక్కిరిబిక్కిరే.

అన్నీ ఫోనులోనే కొడుతున్నాం. ఈ మాటలకు ఇంకా పని ఉందా?

ఉంది, కొంచెం చోటు మారింది. తొందరగా టైపు చేసినదాన్ని ‘ఏదో కొట్టి పడేశాను’ అంటున్నాం. ‘పడేయడం’ మనల్ని వదల్లేదు. చూసుకోకుండా పంపిన సందేశంలో ఒత్తులు ఎగిరిపోయి, ‘వంట’ ‘పంట’ అయినప్పటి చిక్కే మళ్లీ వస్తోంది. తేడా ఒక్కటే: అచ్చు అక్షరం ఎప్పుడూ శుభ్రంగానే కనబడుతుంది కనుక, రాసినవారు తొందరలో ఉన్నారో నిర్లక్ష్యంగా ఉన్నారో చూసి పట్టుకోలేం. చేతిరాతలో అది దాగదు. విదేశాల్లో పెరిగిన పిల్లలు తెలుగు గబగబా టైపు చేయగలిగి, అమ్మమ్మకు చేత్తో నాలుగు వరసలు రాయమంటే తడబడటం చాలా ఇళ్లలో చూస్తున్నదే. వారి రాతను పైన చెప్పిన ఏ మాటతోనూ అనకండి. రాశారు, అది చాలు.

పెద్దవారు రాసిచ్చిన చీటీ చదవలేకపోతే మర్యాదగా ఎలా అడగాలి?

‘మీ రాత అర్థం కాలేదండీ’ అనకూడదు. ‘ఈ ఒక్క మాట కాస్త చదివి పెడతారా’ అని అడగండి. ఒక్క మాటే అడిగినా వారు మొత్తం చదివి వినిపిస్తారు. మరీ మొహమాటమైతే నేరం మన కళ్ల మీద వేసుకోవడం ఉత్తమం: ‘కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాను బాబాయ్, మీరే చదవండి’ అనండి. ఆ మాట అనే ముందు కళ్లజోడు జేబులో పెట్టుకోవడం మాత్రం మరవకండి.